కల్లు బందైతే మెదడు ఏమవుతుంది?

ఈ పూట కల్తీ కల్లు గురించి మాట్లాడుకుందాం. తాగితే వచ్చే కీడు మీకు తెలియనిది కాదు. నేను చెప్పబోయేది తాగడం ఆపిన తర్వాత వచ్చే రెండు మూడు రోజుల గురించి. ఆ రెండు మూడు రోజుల్లోనే ప్రాణాలు పోవచ్చు. చాలా ఇళ్లల్లో ఈ సంగతి తెలియదు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో, అంటే ఇప్పటి జగిత్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా, పొద్దుగూకితే కల్లు మండువ దగ్గర రెండు సీసాలు తాగి పడుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. బీడీలు చుట్టే అమ్మలున్నారు, సాంచెల మీద పనిచేసే అన్నలున్నారు, బాయి పనికి పోయేవాళ్లున్నారు. వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఒక్క మాట ముందే చెబుతాను. మందు కలిసిన కల్లుకు అలవాటు పడ్డ మనిషి ఆ కల్లు మానాల్సిందే. కానీ ఒక్కసారిగా, ఇంట్లో కూర్చోబెట్టి మాన్పించకూడదు. డాక్టర్ చూస్తుండగా, మెల్లమెల్లగా మాన్పించాలి. ఈ మాట ఎందుకంటున్నానో, దానికి ఆధారమేమిటో ఇప్పుడు చెబుతాను.

2015 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. డిపోలు మూతపడ్డాయి, కొన్నిచోట్ల కల్లులో కలిపే మందు తగ్గిపోయింది. మన పక్కనున్న నిజామాబాద్‌లో, మెదక్‌లో, అటు మహబూబ్‌నగర్‌లో జనం ఉన్నట్టుండి వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. కాళ్లూ చేతులూ వణికాయి. ఫిట్స్ వచ్చాయి. లేని మనుషులు కనిపించారు, లేని మాటలు వినిపించాయి. పక్కనున్నవాళ్లను కొట్టారు, కరిచారు. జిల్లా ఆస్పత్రుల మంచాలకు మనుషులను తాళ్లతో కట్టేసిన ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి కిటకిటలాడింది. కొందరు చనిపోయారని కూడా పత్రికలు రాశాయి. సరిగ్గా అదే దృశ్యం 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ కనిపించింది. కల్లు డిపోలు, వైన్ షాపులు బందయిన కొద్ది రోజులకే ఎర్రగడ్డకు మళ్లీ రద్దీ. ఈ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు ఆపారు. ఇంకోచోట కరోనా ఆపింది. ఆపింది ఎవరైనా, మనుషులకు జరిగింది ఒక్కటే. అంటే ఇది తాగినందుకు వచ్చిన పిచ్చి కాదు. అలవాటైన మందు ఒక్కసారిగా అందకుండా పోయినందుకు మెదడు చేసిన తిరుగుబాటు.

ఇంతకూ ఆ కల్లులో ఏముంటుంది? ఈత చెట్టు నుంచో తాటి చెట్టు నుంచో లొట్టిలోకి దిగిన కల్లులో మత్తు తక్కువ. పులిసిన కొద్దీ కొంత పెరుగుతుంది, అయినా బీరు దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా చెట్లు తగ్గిపోతున్నాయి, తాగేవాళ్లు తగ్గడం లేదు. చెట్టు ఇవ్వలేని కల్లును మనిషి తయారు చేస్తున్నాడు. నీళ్లు, తీపికి సాకరిన్, పేరుకు కాస్త కల్లు. మత్తుకు మాత్రం ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. ఈ మూడూ నిజానికి మందులే. క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా 1869లో జర్మనీలో వాడటం మొదలుపెట్టారు. డైజోఫాం 1963లో వచ్చింది. ఆల్ప్రాజోలం 1981లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, విపరీతమైన ఆందోళనతో బాధపడేవాళ్ల కోసం. డాక్టర్ రాసే ఆల్ప్రాజోలం మాత్ర ఎంతుంటుందో తెలుసా? పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. అంటే ఒక్క కిలో పొడిలో అర మిల్లీగ్రాము మాత్రలు ఇరవై లక్షలు దాగి ఉన్నాయి. ఒక సంచిలో పట్టే పొడితో ఒక జిల్లానే మత్తులో ముంచవచ్చు. తెలంగాణలో మాదకద్రవ్యాల కేసుల్లో ఆల్ప్రాజోలం మాటిమాటికీ ఎందుకు పట్టుబడుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆ పొడిని కలిపే మనిషి దగ్గర త్రాసు ఉండదు, లెక్క ఉండదు. నిన్నటి సీసాలో ఉన్నంతే ఇవాళ్టి సీసాలో ఉంటుందని ఎవరూ చెప్పలేరు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎందరినో నిమ్స్ ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఇప్పుడు మెదడు సంగతికి వద్దాం. కొంచెం జాగ్రత్తగా వినండి. గీత కార్మికుడు భుజాన కావడి మోస్తాడు. రెండు వైపులా లొట్లు. రెండూ సమంగా ఉంటేనే నడక సాగుతుంది. మన మెదడులోనూ అలాంటి రెండు బరువులున్నాయి. ఒకవైపు మెదడును ఉరికించే రసాయనం, దాని పేరు గ్లుటమేట్. ఇంకోవైపు మెదడును నిమ్మళపరిచే రసాయనం, దాని పేరు గాబా. ఉరికించేది ఎక్కువైతే మనిషికి నిద్ర ఉండదు, వణుకు, ఫిట్స్. నిమ్మళపరిచేది ఎక్కువైతే మగత, మతిమరుపు, చివరికి ఊపిరే మందగిస్తుంది. ఆల్ప్రాజోలం, డైజోఫాం చేసే పని గాబా బలాన్ని పెంచడం. క్లోరల్ హైడ్రేట్ కూడా ఆ వైపే బరువు వేస్తుంది. కల్లులో ఉండే ఆల్కహాల్ కూడా ఆ వైపే. ఒక్క సీసాలో ఇవన్నీ కలిసి కావడిని ఒకవైపుకు లాగుతాయి. మరి మనిషి పడిపోడా? మొదట్లో పడిపోతాడు. రోజూ తాగుతుంటే మెదడు ఊరుకోదు. కావడిని నిలబెట్టాలి కదా. అందుకని గాబా వైపు తన సొంత బరువు తీసేస్తుంది. ఉరికించే వైపు బరువు పెంచుతుంది. అలా మళ్లీ సమం చేసుకుంటుంది. అందుకే ఆర్నెల్లకు ఒక సీసా సరిపోదు, రెండు కావాలి. ఏడాదికి మూడు కావాలి. తాగితే మత్తెక్కడం పోయి, తాగితేనే మామూలు మనిషిగా ఉండే దశ వస్తుంది. సరిగ్గా అప్పుడు కల్లు బందైంది అనుకోండి. బయటి నుంచి వేసిన బరువు ఒక్కసారిగా పోయింది. మెదడు తన బరువు ముందే తీసేసుకుంది. కావడి ఒక్క ఉదుటున ఉరికించే వైపుకు తిరగబడుతుంది. ఆ తిరగబడటమే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, భ్రమలు, ఫిట్స్. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు, అందుకే ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా మొదలవుతుంది. మళ్లీ చెబుతున్నాను. కల్లు ఆగిన ఒకటి రెండు రోజుల్లోనే.

నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి వాటి కథ దీనికి దగ్గరి చుట్టం. వాటిని ఓపియాయిడ్లు అంటారు. మన ఒంట్లోనే నొప్పిని తగ్గించే పదార్థాలు పుడతాయి, వాటి కోసం మెదడులో ప్రత్యేకమైన స్థానాలున్నాయి. ఆ స్థానాలున్నాయని 1973లో ప్రయోగశాలల్లో తేలింది. ఓపియాయిడ్లు వెళ్లి ఆ స్థానాల్లో కూర్చుంటాయి. మెదడులో సంతోషాన్ని, మళ్లీ కావాలనే కోరికను నడిపే డోపమిన్ కణాలు కొన్నున్నాయి. వాటికి కాపలా కాసే కణాలు వేరే ఉన్నాయి. ఓపియాయిడ్లు ఆ కాపలా కణాలను జోకొడతాయి. ఆల్ప్రాజోలం లాంటివీ అదే కాపలాను జోకొడతాయని 2010లో శాస్త్రజ్ఞులు చూపించారు. దారులు వేరైనా చేరే చోటు ఒకటే. అందుకే అలవాటు రెండింటిలోనూ అంత గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క తేడా మాత్రం ప్రాణాలకు సంబంధించింది, గుర్తుపెట్టుకోండి. ఓపియాయిడ్ ఆపితే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నరకంలా ఉంటుంది. కానీ ఆ బాధ దానంతట అది మనిషిని చంపడం అరుదు. అక్కడి ప్రమాదం వేరు. కొన్నాళ్లు మానిన మనిషి మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. కల్తీ కల్లు విషయంలో ఆపడమే చంపగలదు, ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి.

ఇక్కడ ఒకరు అడుగుతారు. 'తాగింది వాడే, బుద్ధి ఉంటే మానుకుంటాడు. మనసు గట్టిచేసుకుంటే చాలదా?' ఈ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. మానాలనే పట్టుదల లేకుండా ఏ వైద్యమూ నిలవదు. కానీ ఫిట్స్‌ను మనోబలంతో ఆపుకున్నవాళ్లు లోకంలో లేరు. జ్వరం వచ్చినవాడిని మనసు గట్టిచేసుకోమని ఎవరం అనం. ఇంకో సంగతి చూడండి. తాను ఆల్ప్రాజోలం తాగుతున్నానని ఈ మనుషుల్లో చాలామందికి తెలియనే తెలియదు. వాళ్లు కొన్నది కల్లు. తాము ఎన్నుకోని మందుకు బానిసలైన మనుషులను బుద్ధి లేనివాళ్లని తిట్టడం అన్యాయం.

రెండో ప్రశ్న ఇంకా పదునైంది. 'ఆస్పత్రిలో ఇచ్చేది కూడా అలాంటి నిద్రమందే కదా, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమే కదా?' నిజమే, ఆస్పత్రిలో డైజోఫాం గానీ, క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ ఇస్తారు. కల్లులో కలిపేది అదే, ఆస్పత్రిలో ఇచ్చేది అదే. మరి తేడా ఎక్కడుంది? కావడి దగ్గరికి వెళ్దాం. తిరగబడబోతున్న కావడిని నిలబెట్టాలంటే ముందు ఆ వైపు బరువు మళ్లీ పెట్టాలి. తర్వాత ఆ బరువును కొంచెం కొంచెంగా తీయాలి. తీసిన కొద్దీ మెదడు తన సొంత బరువు మళ్లీ వేసుకుంటుంది. వాళ్లు వాడే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచే రకం, కాబట్టి ఒక్కసారిగా కిందకు పడేయదు. ఎంత ఇచ్చారో కొలత తెలుసు. ఎప్పుడు తగ్గించాలో తెలుసు. ఎప్పుడు ఆపాలో తెలుసు. కొందరికి రోజుల్లో అయిపోతుంది, ఏళ్లుగా తాగినవాళ్లకు వారాలు పడుతుంది. దాంతోపాటు బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, ఎందుకంటే రోజూ తాగి తిండి మానేసినవాళ్లకు అది తగ్గిపోయి మెదడు దెబ్బతింటుంది. సెలైన్ పెడతారు, రక్తంలో లవణాలు చూస్తారు. ఓపియాయిడ్ల విషయంలో ఇదే దారి 1960ల్లో న్యూయార్క్‌లో మొదలైంది. విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్ రోగులకు మెథడోన్ ఇచ్చి, వాళ్లు పనులు చేసుకుంటూ కుటుంబాలతో బతకగలరని చూపించారు. అప్పుడూ చాలామంది అడిగింది ఇదే ప్రశ్న. ఇప్పుడు మన దేశంలో ప్రభుత్వ కేంద్రాల్లోనే నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ఇస్తున్నారు. కొలత లేని మత్తు మనిషిని కిందకు లాగుతుంది. కొలిచి ఇచ్చే మందు మనిషిని పైకి తెస్తుంది. పేరు ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు.

మూడో ప్రశ్న ఆడవాళ్ల నుంచి వస్తుంది, అన్నింటికన్నా బరువైనది అదే. 'ఆపకూడదంటున్నారు, అంటే తాగనీయమంటున్నారా?' లేదమ్మా. తాగనీయమని నేననడం లేదు. ఇంట్లో బంధించి మాన్పించవద్దు, ఆస్పత్రికి తీసుకుపోయి మాన్పించండి అంటున్నాను. అనుకోకుండా కల్లు ఆగిపోయే సందర్భాలు చాలా ఉంటాయి, వాటిని ముందే పసిగట్టాలి. కాలు జారి తుంటి ఎముక విరిగిన ముసలమ్మను ఆస్పత్రిలో చేర్చారనుకోండి. ఆమె రోజూ కల్లు తాగుతుందని డాక్టర్‌కు చెప్పడానికి కొడుకులు సిగ్గుపడతారు. మూడో రోజుకు ఆమె మంచం మీద నుంచి లేవబోతుంది, అక్కడ లేని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెడుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే డాక్టర్ ముందే జాగ్రత్తపడేవాడు. జగిత్యాల నుంచో నిర్మల్ నుంచో పోయి దుబాయి విమానం ఎక్కే తమ్ముడి సంగతీ అంతే. బయలుదేరే ముందు రోజు దాకా తాగి, అక్కడ దిగాక ఒక్కసారిగా బంద్. కొత్త దేశం, భాష రాదు, చుట్టూ తెలిసినవాళ్లు లేరు. పోనీ ఇక్కడి నుంచి మాత్రలు పట్టుకుపోదామంటే, అనుమతి లేకుండా తీసుకుపోతే అక్కడ జైలుపాలు కావచ్చు. వీసా వచ్చిన రోజే డాక్టర్‌ను కలిస్తే మెల్లగా మానడానికి సమయం దొరుకుతుంది.

భ్రమలు మొదలైన మనిషిని చూసి ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు. గాలి సోకిందంటారు. ఎవరో మంత్రాలు చేశారంటారు. మన జిల్లాల్లో మంత్రాల నెపంతో ప్రాణాలు తీసిన ఘోరాలు జరిగాయి. కల్లు ఆగిన రెండో రోజు మనిషికి పురుగులు కనిపిస్తే, గోడ మీద మనుషులు కనిపిస్తే, అది చేతబడి కాదు. అది మెదడు ఉరుకులాట. ఫిట్స్ వస్తే చేతిలో తాళం చెవుల గుత్తి పెడతారు, నోట్లో చెంచా పెడతారు. రెండూ వద్దు. తాళాల వల్ల ఏ లాభమూ లేదు, చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, ఊపిరి ఆడదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద ఏదైనా మెత్తటిది పెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి. తాళ్లతో కట్టకండి. 108కు ఫోన్ చేయండి.

ఇంకొక మాట గీత కార్మికుల గురించి. కల్తీ గురించి మాట్లాడితే తమ పొట్ట కొడుతున్నారని వాళ్లు భయపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. మోకు, ముత్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడు వేరు, పొడి కలిపి సీసాలు నింపే వ్యాపారి వేరు. ఎక్కినవాడికి చెట్టు మీద నుంచి పడి నడుములు విరుగుతాయి. కలిపినవాడికి లాభాలు వస్తాయి. బోనాల్లో, పెద్దలకు పెట్టే రోజుల్లో, పెళ్లిళ్లలో కల్లు మన జీవితంలో భాగం. ఆ భాగాన్ని పాడుచేసింది కల్తీ. కల్తీని పట్టుకుంటే మొదట మేలు జరిగేది నిజమైన గీత కార్మికుడికే. చెట్లు నాటితే మరింత మేలు. సర్కారు ఈత వనాలు పెంచడం మీద చూపే శ్రద్ధ కల్తీ మీద చేసే యుద్ధంలో సగం అని నా నమ్మకం.

చివరిగా దాడుల సంగతి. దాడులు వద్దని నేననను. జనానికి తెలియకుండా మత్తుమందు తాగించేవాడిని జైల్లో పెట్టాల్సిందే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం అందుకే ఉంది. అదే చట్టంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. మత్తుకు బానిసైన మనిషి చిన్న కేసులో ఉన్నా, తనంతట తాను వైద్యానికి ముందుకొస్తే శిక్ష నుంచి రక్షణ పొందవచ్చు. అంటే చట్టం కూడా అమ్మేవాడినీ బానిసైనవాడినీ వేరువేరుగా చూసింది. మరి దాడి చేసేటప్పుడు మనమెందుకు చూడం? ఒక డిపోను మూసేస్తే ఆ సాయంత్రం నుంచి దాని మీద ఆధారపడ్డ వందలమంది మెదళ్లలో గడియారం తిరగడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల గడువు. ఆ గడువులోపు ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు సిద్ధంగా ఉండాలి. ఆశా కార్యకర్తకు తెలియాలి. ఇప్పుడు ఆదిలాబాద్ రిమ్స్ ఒక్కటే దిక్కు కాదు. కరీంనగర్, జగిత్యాల, రామగుండం, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అన్నిచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2015లో ఈ సదుపాయం లేదు. ఎందరో ఎర్రగడ్డ దాకా పోవాల్సి వచ్చింది. ఇప్పుడు పోవాల్సిన అవసరం రాకూడదు.

కాబట్టి ఎక్సైజ్ అధికారులకు నా విన్నపం. ఏ ఊళ్లో డిపో మూసినా అదే రోజు జిల్లా వైద్యాధికారికి ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు నా విన్నపం. మీ మనిషి రోజూ కల్లు తాగుతుంటే, మానాలనుకున్న రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి, ఎన్ని సీసాలు తాగుతున్నాడో దాచకుండా చెప్పండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. డబ్బులు కట్టనక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. నంబరు రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్లీ చెబుతున్నాను. 14416.